తీసివేతలకి కొబ్బరి ఈనెలు

మన కోనసీమలో కొబ్బరి ఈనెలకి కరువు లేదు కదా. చీపురు కట్టగా మిగిలినవి జానెడు ముక్కలుగా విరిచి, మొనలు తుంచేసి, ఓ ఎనభై దాకా పిల్లల చేతికివ్వండి. పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయడం వాళ్ల పనే. మీరు కట్టేసి ఇస్తే సగం ప్రయోజనం అక్కడే పోతుంది.

34 అంటే మూడు కట్టలు, నాలుగు విడి పుల్లలు. పక్కనే 43 కూడా పేర్పించండి, ఏది ఎక్కువో వాళ్లే చెప్పేస్తారు.

అసలు ఉపయోగం తీసివేతల్లో. 34లోంచి 8 తీయమంటే విడివి నాలుగే ఉన్నాయాయె! కాసేపు తికమకపడి, చివరికి ఓ కట్ట విప్పుతారు. విడివి పద్నాలుగవుతాయి, ఎనిమిది తీస్తే ఆరు, కట్టలు రెండు. జవాబు 26. మన చిన్నప్పుడు ‘పక్క నుంచి అప్పు తెచ్చుకో’ అని బట్టీ పట్టించింది దీన్నే. ఆ కట్ట వాళ్లు విప్పేదాకా ఓపిక పట్టండి, నోరు జారి చెప్పేయకండి.

పలక మీద రాయించడం ఆ తర్వాత. రోజూ పది నిమిషాలు, అన్నం ఉడికేలోపు చాలు. ఇంట్లో పాకే పిల్లలుంటే మాత్రం పుల్లలు డబ్బాలో వేసి అటక మీద పెట్టండి, కళ్లలో పొడుచుకుంటారు.