కోచ్ కాలేజీ మారితే మీరూ మారాలా? తేల్చుకోవడం ఎలా

రాత్రి పదకొండింటికి పిల్ల ఫోన్ పట్టుకుని మెట్లు దిగి వస్తుంది. "అమ్మా, కోచ్ వేరే యూనివర్సిటీకి వెళ్లిపోతున్నాడంట."

రెండేళ్లుగా ఫోన్లు చేసింది ఆ కోచే. మ్యాచ్‌లకు వచ్చి గట్టున కూర్చున్నాడు, ఒకసారి ఇంటికొచ్చి పప్పన్నం కూడా తిన్నాడు. ఆయన్ని చూసే ఆ కాలేజీకి సరేనన్నారు. ఇప్పుడు ఆయన వెంట వెళ్లాలా, ఉన్నచోటే ఉండాలా?

అమెరికా కాలేజీ ఆటల్లో ఇది ఏటా చూసేదే. ఫుట్‌బాల్‌లో (ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్) నవంబర్ చివర మొదలవుతుంది, బాస్కెట్‌బాల్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో. మన పిల్లలు ఎక్కువగా టెన్నిస్, గోల్ఫ్, ఈత వైపు కనిపిస్తారు. నెల్లూరు మూలాలున్న టెన్నిస్ ఆటగాడు నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌కి ఆడాకే 2024 చివర్లో ప్రొఫెషనల్ అయ్యాడు. పేపర్లకెక్కేవి ఫుట్‌బాల్ కోచ్‌ల కథలే అయినా లెక్క అన్ని ఆటలకూ ఒకటే. నన్నడిగితే ఎక్కువమందికి ఉన్నచోటే మేలు. వెళ్లదగ్గవాళ్లూ కొందరుంటారు. మీరు ఏ కోవలోకి వస్తారో ఇలా చూసుకోండి.

1. మూడు రోజులు ఏమీ చేయకండి

సంతకాలు వద్దు, ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులు వద్దు. పాత కాలేజీకి కొత్త కోచ్ ఎవరో తెలిసే దాకా మీ చేతిలో సగం సమాచారమే ఉన్నట్టు.

2. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో తేల్చుకోండి

నోటిమాటగా కమిట్ అయ్యారంతే అయితే మీకూ కట్టుబాటు లేదు, కాలేజీకీ లేదు. ఎటైనా వెళ్లొచ్చు. వాళ్లూ రేపు ఫోన్ చేసి "సారీ" అనొచ్చు.

సంతకం పెట్టేసి ఇంకా చేరకపోతే, ఆ కాగితం బయటికి తీయండి. ఫలానా కాలేజీలో చేరతానని సంతకం పెట్టే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 1964 నుంచి ఉండేది. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ దాన్ని 2024 అక్టోబర్‌లో ఎత్తేసింది. దాని స్థానంలో ఇప్పుడు ఆర్థిక సాయం ఒప్పందాలు వచ్చాయి. పాతదైనా కొత్తదైనా విషయం ఒక్కటే: మీరు సంతకం పెట్టింది కాలేజీతో, కోచ్‌తో కాదు. ఆయన వెళ్లిపోయినా ఆ కాగితం అలాగే ఉంటుంది. బయటికి రావాలంటే అథ్లెటిక్ విభాగంలో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకు ఈమెయిల్ రాయండి. నోటితో అడిగి ఊరుకోవద్దు.

ఇప్పటికే చేరి ఆడుతున్నవాళ్లకు దారి ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లు నమోదయ్యే ఎన్‌సీఏఏ జాబితా. 2018 అక్టోబర్‌లో మొదలైంది. ఒకప్పుడు కాలేజీ మారితే ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి కొన్ని ఆటల్లో ఏడాది పాటు బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఒకసారికి ఆ బెడద పోయింది. చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లయినా మారొచ్చని 2024లో అన్నారు. పేరు వేయించుకోవడానికి పోర్టల్ తలుపు తెరిచే తేదీలు మాత్రం ఆటను బట్టి ఉంటాయి, తరచూ మారుతుంటాయి కూడా. నిరుడు స్నేహితుడి కొడుక్కి పనిచేసిన తేదీని నమ్ముకోకుండా కంప్లయన్స్ ఆఫీసునే అడగండి.

3. ఫోన్ ఎవరు చేశారో గమనించండి

మీరు ఇప్పటికే జట్టులో ఉంటే, మీ పేరు పోర్టల్‌లో పడేదాకా కొత్త కాలేజీ కోచ్ మిమ్మల్ని పిలవకూడదు. అది నిబంధనలకు విరుద్ధం. నిన్నటిదాకా ఆయనే మీ కోచ్ అయినా సరే. వాళ్ల మావయ్య చేతో, క్లబ్ కోచ్ చేతో కబురు పంపడం జరుగుతూనే ఉంటుంది, కాదనను. అలాంటి కబురును నమ్మి పోర్టల్‌లో పేరు వేయించుకుని, తీరా చూస్తే ఆఫర్ రాకపోతే ఎవరినీ అడగలేరు. ఈలోగా పాత జట్టు మీ చోటు ఖాళీ అయిందనుకుని ఇంకొకరిని తీసుకోవచ్చు.

4. తలలు లెక్కపెట్టండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పెట్టండి. కోచ్ మిమ్మల్ని ఒక్కరినే తీసుకెళ్లడు.

2021 నవంబర్ చివర్లో ఫుట్‌బాల్ కోచ్ లింకన్ రైలీ ఓక్లహోమా వదిలి యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) వెళ్లాడు. అప్పటికే ఓక్లహోమాలో ఆయన కింద ఒక సీజన్ ఆడిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు, మైదానంలో ఒకసారికి ఒక్కడే ఉంటాడు) కేలెబ్ విలియమ్స్ వెంట వెళ్లి, 2022లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ కొట్టాడు. ఈ కథ అందరికీ తెలుసు. అదే కోచ్ కోసం ఓక్లహోమాను వదులుకున్న ఇంకో క్వార్టర్‌బ్యాక్ కూడా ఉన్నాడు, మలాకై నెల్సన్. అప్పటికి హైస్కూల్ కుర్రాడు, దేశంలో పెద్ద పేరున్నవాళ్లలో ఒకడు. 2023లో యూఎస్‌సీలో చేరేసరికి అతని ముందు నిలబడి ఉన్నది ఆ కేలెబ్ విలియమ్సే. ఒక్క సీజన్ తర్వాత బోయ్‌సీ స్టేట్‌కి, అక్కణ్నుంచి యూటెప్‌కి (ఎల్ పాసోలోని టెక్సస్ యూనివర్సిటీ) వెళ్లాడు.

కోచ్ ఒకడే. ఒకడు ఆయన దగ్గర ఆడి చూపించినవాడు, ఇంకొకడు ఆయన మాట విని వచ్చినవాడు. ఇంకో ఫుట్‌బాల్ కోచ్ కర్ట్ సిగ్నెటీ 2023 చివర్లో జేమ్స్ మాడిసన్ నుంచి ఇండియానాకు వెళ్తే వెంట వెళ్లినవాళ్లు పదమూడు మంది. అంతకుముందు ఏడాది మూడు మ్యాచ్‌లే గెలిచిన జట్టు 2024లో పదకొండు గెలిచింది. వాళ్లలోనూ ముందు వరసలో నిలిచినవాళ్లు ఆయన శిక్షణలో ఆడి వచ్చినవాళ్లే.

ఇక మీ లెక్క. కొత్త కాలేజీ వెబ్‌సైట్‌లో జట్టు జాబితా తెరవండి. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో కుదిరిన ఒప్పందంలో చేరిన కాలేజీల్లో 2025 జులై నుంచి ప్రతి జట్టుకూ తలల పరిమితి ఉంది: ఫుట్‌బాల్‌కి 105, బాస్కెట్‌బాల్‌కి 15, టెన్నిస్‌కి 10. టెన్నిస్‌లో సింగిల్స్ ఆడేది ఆరుగురే. ఒక కాగితం మీద పేర్లు రాసి, పక్కన ఎవరు ఏ సంవత్సరమో వేయండి. ఈ ఏడాది వెళ్లిపోయేవాళ్లను కొట్టేయండి. కోచ్ వెంట పాత కాలేజీ నుంచి రాబోయేవాళ్లను, ఆయన విదేశాల నుంచి తెస్తున్నవాళ్లను కలపండి. ఎనిమిదో తొమ్మిదో పేరుగా మీ అమ్మాయి కనిపిస్తే, ఆ కోచ్ ఎంత మంచివాడైనా ఆమె ఆడేది ప్రాక్టీసే.

5. శాతం కాదు, జేబులోంచి పోయేది చూడండి

కోచ్‌లు స్కాలర్‌షిప్ శాతాల్లో మాట్లాడతారు. పాతచోట ఏడాది ఖర్చు 30 వేల డాలర్లు, సగం స్కాలర్‌షిప్ అనుకోండి. మీరు కట్టేది 15 వేలు. కొత్తచోట 60 శాతం ఇస్తానంటాడు, వినడానికి బాగుంటుంది. కానీ అక్కడ బయటి రాష్ట్రం ఫీజుతో ఖర్చు 60 వేలు. మీరు కట్టేది 24 వేలు. నాలుగేళ్లకు 36 వేలు అదనం.

కోచ్ ఫోన్‌లో చెప్పింది ఆఫర్ కాదు, యూనివర్సిటీ రాసిచ్చిందే ఆఫర్. ఎన్ని సంవత్సరాలకు, ఏ షరతుల మీద, ఈ కోచ్ మళ్లీ వెళ్లిపోయినా నిలుస్తుందా అన్నవి కాగితంలో వెతకండి. పాత కాలేజీతో డబ్బు ఒప్పందం ఉంటే, మధ్యలో వెళ్లినందుకు తిరిగి కట్టమనే షరతు ఉందేమో లాయర్‌కి చూపించండి.

6. చదువు, వీసా

తీసుకున్న క్రెడిట్లలో ఎన్ని కొత్తచోట డిగ్రీకి పనికొస్తాయో రాతపూర్వకంగా అడగండి. ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే మూడో ఏడు మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏటికి 60 శాతం పూర్తయి ఉండాలి. క్రెడిట్లు ఎగిరిపోతే ఆట కూడా ఎగిరిపోతుంది. కొన్ని యూనివర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్‌లోకి మొదట్లోనే సీటు రాకపోతే తర్వాత మారడం దాదాపు అసాధ్యం. "చేరాక చూసుకుందాం" అని కోచ్ అంటే నమ్మొద్దు, అది ఆయన చేతిలో ఉండదు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకు ఇంకో పని ఉంది. విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ సెవిస్ రికార్డు బదిలీ కావాలి, కొత్త కాలేజీ నుంచి ఐ-20 అనే కొత్త ప్రవేశ పత్రం రావాలి. పాత కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో మాట్లాడకుండా ఏ తేదీకీ ఒప్పుకోకండి. పేరు, ఫొటో వాడుకున్నందుకు డబ్బిస్తామనే మాటలు వీసాకు చిక్కు తెస్తాయి.

7. ఇద్దరు కోచ్‌లతోనూ మాట్లాడండి

పాత కాలేజీకి వచ్చిన కొత్త కోచ్‌కి ఒక అవకాశం ఇవ్వండి. ఆయన మీకు పరాయివాడే, కానీ మీ ఆట వీడియో చూశాడా, మిమ్మల్ని ఏ స్థానంలో ఆడించాలనుకుంటున్నాడు అని అడిగితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మిమ్మల్ని తెచ్చింది ఆయన కాదు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాడు.

వెళ్లిపోయిన కోచ్‌ని మాత్రం మొహమాటపడకుండా మీరే అడగాలి: "మీరిక్కడ ఎన్నాళ్లుంటారు?" పదేళ్ల కాంట్రాక్టు చూపిస్తే పొంగిపోకండి. ఫుట్‌బాల్ కోచ్ బ్రయన్ కెల్లీ నోటర్ డామ్ వదిలి పదేళ్ల కాంట్రాక్టు మీద ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్) వెళ్లాడు, నాలుగో సీజన్ మధ్యలో 2025 అక్టోబర్‌లో ఆయన్ని తీసేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నది కోచ్‌లకూ వర్తిస్తుంది, కోచ్‌లను పెట్టుకునే యూనివర్సిటీలకూ వర్తిస్తుంది.

8. తేల్చుకున్నాక

వెళ్తున్నట్టయితే కొత్త కాలేజీ కాగితం చేతికొచ్చాకే ప్రకటించండి. పాత కాలేజీవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్‌లో తెలియకూడదు, ముందు ఫోన్ చేయండి. ఫోన్ పిల్లే చేయాలి, నాన్న కాదు.

ఉండిపోతున్నట్టయితే వెళ్లిన కోచ్‌కి రెండు ముక్కలు మెసేజ్ పెట్టమనండి, ఇన్నాళ్లు చూపిన శ్రద్ధకు థాంక్స్ అని. చాలామంది జవాబిస్తారు. మళ్లీ పోర్టల్ తలుపు తెరుచుకుంటే ఆ నంబర్ పనికి రావచ్చు.