ఎండు అరోనియా పళ్ళ వగరు తగ్గించి వాడుకోవడం ఎలా?

మీ ఇంట్లో పిల్లలెవరైనా రష్యాలోనో పోలండ్‌లోనో చదువుతుంటే, సెలవులకు వచ్చేటప్పుడు చాక్లెట్లతో పాటు నల్లటి ఎండు పళ్ళ ప్యాకెట్ ఒకటి తెచ్చి ఉండొచ్చు. ఆన్‌లైన్‌లోనూ అమ్ముతున్నారు. రష్యన్ ప్యాకెట్ మీద ‘చెర్నోప్లోద్నయా ర్యాబీనా’ అని ఉంటే అది అరోనియానే. దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా తూర్పు భాగం. ఇప్పుడు బాగా పండించేది మాత్రం పోలండ్‌లో. మొక్క తెప్పించి పర్లాకిమిడి పెరట్లో వేద్దామనుకుంటే డబ్బు దండగ, దానికి గట్టి చలికాలం కావాలి.

ముందు ఒక్క పండు నోట్లో వేసుకుని నెమ్మదిగా నమలండి. మొదట కాస్త తీపి, కాస్త పులుపు తగులుతాయి. ఆ వెంటనే పచ్చి నేరేడు కాయ కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. పుల్లటి పండే కదా అని వాక్కాయల్లా పప్పులో వేసేయకండి, పప్పు పాడవుతుంది. ఇందులో ఉన్న టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటాయి, అందుకే నోరు ఎండిపోయినట్టు ఉంటుంది. పులుపు కలిపితే ఆ వగరు ఇంకా పైకి తేలుతుంది. దాన్ని అణచాలంటే తీపి కావాలి, లేదంటే పాలు, పెరుగు.

తర్వాత నానబెట్టడం. గుప్పెడు పళ్ళు కడిగి, మునిగేంత వేడినీళ్ళు పోసి అరగంట మూత పెట్టండి. గిన్నె స్టీలుదో గాజుదో అయితే మంచిది. ఇనుప మూకుడు వద్దు, టానిన్లు ఇనుముతో కలిస్తే నల్లబడతాయి. ముదురు రంగులోకి మారిన ఆ నీళ్ళు పారబోయకండి, రుచి సగం అందులోనే ఉంటుంది. బట్టల మీద పడితే మరక ఓ పట్టాన పోదు, అది మాత్రం చూసుకోండి.

ఇక వంట. నన్నడిగితే దీనికి సరిగ్గా కుదిరేది ఒడియావాళ్ళ టమాటా ఖజూరీ ఖట్టా, అంటే టమాటా, ఖర్జూరాలతో చేసే తీపి పులుపు పచ్చడి. నాలుగు పండు టమాటాలు ముక్కలు చేసుకోండి. చెంచాడు నూనెలో అర చెంచా పంచ ఫుటణ (జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్ల జీలకర్ర), ఒక ఎండుమిర్చి వేయించి, అవి చిటపటలాడాక టమాటాలు, అల్లం తురుము, ఉప్పు వేయండి. నానిన అరోనియా రెండు చెంచాలు కూడా అప్పుడే పడాలి, టమాటాలతో పాటు ఉడికితేనే తొక్క మెత్తబడుతుంది. అంతా మెత్తబడ్డాక గింజ తీసిన ఖర్జూరాలు నాలుగు, బెల్లం తురుము మూడు చెంచాలు వేసి, దగ్గరపడేదాకా సన్నమంట మీద ఉంచండి. నానిన నీళ్ళు కొద్దిగా పోస్తే రంగు బాగా వస్తుంది. ఖర్జూరం పూర్తిగా మానేసి మొత్తం అరోనియానే వేస్తే ఆ వగరుకు బెల్లం చాలదు. చింతపండు జోలికి అసలు పోవద్దు. ఖట్టా చల్లారాకే రుచి చూడండి. వగరు ఇంకా అనిపిస్తే మరో చెంచా బెల్లం వేసి, ఒక్క పొంగు రానివ్వండి.

మిగిలిన నీళ్ళను చక్కెర వేసి గిలక్కొట్టిన చిక్కటి పెరుగులో కలిపితే ఊదా రంగు లస్సీ తయారు. పెరుగులోని ప్రొటీన్ టానిన్లను ముందే పట్టేసుకుంటుంది కాబట్టి నాలుకకు అంత వగరు తెలియదు. పొడి రూపంలో దొరికితే పాలు పోసిన రాగి జావలో అర చెంచా చాలు. పోలండ్‌లో రసాన్ని ఆపిల్ రసంతో కలిపి తాగుతారు, జామ్ కూడా చేస్తారు.

ప్యాకెట్ల మీద బీపీ తగ్గుతుంది, షుగర్ తగ్గుతుంది అని ఏవేవో రాస్తుంటారు. ఈ పళ్ళలో ఆంథోసయనిన్లు (పళ్ళకు ముదురు రంగునిచ్చే పదార్థాలు) దండిగా ఉన్నమాట నిజమే, అంతమాత్రాన మందులు మానేయకండి. రక్తం పలచబడటానికి మందులు వాడేవాళ్ళు డాక్టరును అడిగాకే తినాలి. టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, కాబట్టి ఐరన్ మాత్ర వేసుకునే వేళలో ఇవి వద్దు. షుగర్ ఉన్నవాళ్ళు చక్కెర కలిపి ఎండబెట్టినవేమో ప్యాకెట్ వెనక చూసుకోవాలి.

వానాకాలంలో మన వైపు గాలిలో తేమ ఎక్కువ. ప్యాకెట్ విప్పగానే పళ్ళను బిగుతు మూత ఉన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, తడి చెంచా మాత్రం తగలనివ్వకండి. ఖట్టా అయితే ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది.