బటన్‌లో పడవ మునిగిపోకుండా
రుషికొండ బోటు షికారు టికెట్ల కోసం ఒక వెబ్ పేజీ చేస్తున్నాను. బటన్‌కు లేత నీలం నుంచి ముదురు నీలానికి దిగే గ్రేడియంట్, ఎడమ పక్కన చిన్న తెల్ల పడవ బొమ్మ. గ్రేడియంట్ వచ్చింది, పడవ మునిగిపోయింది. ఫైలు పేరు తప్పేమోనని అరగంట వెతికాను. తప్పు వరుసది.

వెబ్ పేజీ రూపురేఖలను రాసే భాష సీఎస్ఎస్‌లో గ్రేడియంట్ కూడా బొమ్మ కిందే లెక్క. అందుకే బ్యాక్‌గ్రౌండ్-ఇమేజ్‌లో రెండింటినీ కామా పెట్టి రాయవచ్చు. అయితే ముందు రాసినది పైన ఉంటుంది, చివర రాసినది అడుగున. మనం దుప్పట్లు పరిచే వరుసకు తలకిందులన్నమాట! కాబట్టి ముందు పడవ యూఆర్ఎల్, తర్వాతే లీనియర్-గ్రేడియంట్. పొజిషన్, సైజ్, రిపీట్ విలువలనూ అదే వరుసలో కామాలతో ఇవ్వండి. పడవకు నో-రిపీట్ మరిచిపోతే బటన్ నిండా ఫిషింగ్ హార్బరే.

హోవర్‌లో, అంటే మౌస్ బటన్ మీదికి వచ్చినప్పుడు, రంగు మార్చేటప్పుడు ఉత్త బ్యాక్‌గ్రౌండ్ అని రాయకండి, అది పాత విలువలన్నింటినీ చెరిపేస్తుంది. బ్యాక్‌గ్రౌండ్-ఇమేజ్ అనే రాసి, అందులో పడవను మళ్లీ పేర్కొనండి. బ్యాక్‌గ్రౌండ్-కలర్ సంగతి వేరు: అది ఎప్పుడూ ఒక్కటే, అన్నింటికీ అడుగున ఉంటుంది.