పళ్ల బ్రష్షు నమూనా మార్చాలంటే ముందు పట్టుకునే చేతిని చూడండి

ఒడిశాలోని బరంపురంలో మిక్సీలు, ట్రిమ్మర్లు బాగుచేసే నా బల్ల మీదికి ఎలక్ట్రిక్ బ్రష్షులు కూడా వస్తుంటాయి. కొత్త నమూనా చేయాలనుకునేవారు "మీకేం కావాలి?" అని అడగవద్దు. అందరూ "ఛార్జింగు ఎక్కువ రోజులు రావాలి" అనే అంటారు. బ్రష్షు చేతికిచ్చి, తడి చేత్తో వాడుతుంటే గమనించండి. కీళ్లనొప్పులున్న మా పెద్దమ్మకు సన్నని పిడి జారిపోయేది. పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగాను, పట్టు దొరికింది. పిడి మందం ఎంతో అక్కడే తేలింది. మీట ఉబ్బెత్తుగా ఉండాలి, కళ్లజోడు లేకుండానే బొటనవేలికి తగలాలి.

అసలు తలనొప్పి నీరు. ఇరుసు దగ్గరి రబ్బరు వలయం అరిగితే లోపలంతా తుప్పే. నీరు చొరబడకుండా ఉండే స్థాయిని తెలిపే గుర్తు ఐపీఎక్స్7 ఉందంటే మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకోవాలి. లోపల పొడి కాగితం చుట్టి బిగించండి, అంత లోతున్న డ్రమ్ములో ముంచండి, విప్పి చూడండి. తడిస్తే మళ్లీ మొదటికే. మూతకు మరలు పెట్టండి, జిగురు వద్దు. బ్యాటరీ మార్చేది మాలాంటివాళ్లమే కదా!

రెండు నిమిషాల టైమరు, నోట్లో మరో వైపుకు మారమని 30 సెకన్లకోసారి చిన్న విరామం చాలు. బ్లూటూత్ మా వీధిలో ఎవరూ అడగలేదు. సూచనల కాగితం మాత్రం తెలుగులోనూ, ఒడియాలోనూ వేయండి. మా ఇంట్లో అత్త చదివేది ఒక లిపి, కోడలు చదివేది మరొకటి.