‘టర్న్ ఇట్ ఆఫ్’ అనాలా, ‘టర్న్ ఆఫ్ ఇట్’ అనాలా? ఫ్రేజల్ వెర్బులు వాక్యంలో వాడే పద్ధతి

కాజీపేటలో రైలు దిగుతానని ఇంగ్లిష్‌లో చెప్పమంటే మన దగ్గర ఎక్కువమంది ‘ఐ విల్ గెట్ డౌన్ ఎట్ కాజీపేట’ అంటారు. మన దేశంలో అది ఎవరికైనా అర్థమవుతుంది. బ్రిటన్, అమెరికా వాళ్లకు మాత్రం ‘గెట్ డౌన్’ అంటే నిచ్చెన మీది నుంచో చెట్టు మీది నుంచో కిందికి రావడం, లేదంటే ఒళ్లు వంచి నేలకు ఒదగడం. రైలు దిగడానికి వాళ్ల మాట ‘గెట్ ఆఫ్’. దిగడం అంటే కిందికి, కిందికి అంటే ‘డౌన్’ అని మాటను ముక్కలు చేసి తర్జుమా చేసుకోవడం వల్లే ఈ తేడా వస్తుంది.

లేచి నిలబడి నడవగలిగే బస్సు, రైలు, విమానానికి ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. పైన కూర్చునే సైకిలుకు, మోటర్‌సైకిలుకు కూడా అవే. వంగి లోపలికి దూరి కూర్చునే కారు, ఆటోకు ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్ ఆఫ్’. కాబట్టి హన్మకొండ చౌరస్తాలో ఆటో దిగితే ‘ఐ గాట్ అవుట్ ఆఫ్ ది ఆటో’, బస్టాండులో బస్సు దిగితే ‘ఐ గాట్ ఆఫ్ ది బస్’.

క్రియ, దాని పక్కన ‘ఆన్’, ‘ఆఫ్’ లాంటి చిన్న మాట కలిసిన ఇట్లాంటి జంటలను ఫ్రేజల్ వెర్బులు అంటారు. వీటిని కొత్త వింతగా చూడనక్కర్లేదు, ఇట్లాంటివి తెలుగులోనూ ఉన్నాయి. పట్టుకోవడం వేరు, పట్టించుకోవడం వేరు, పట్టుబడటం వేరు. మూడింటిలోనూ ‘పట్టు’ ఉందని మనం అర్థాలు కలిపేసుకోం. ‘లుక్ ఎట్’ అంటే చూడటం, ‘లుక్ ఫర్’ అంటే వెతకడం, ‘లుక్ ఆఫ్టర్’ అంటే బాగోగులు చూసుకోవడం. జంటను ఒకే మాటగా నేర్చుకోవాలి, విడగొట్టి నేర్చుకుంటే పనికిరాదు.

అసలు చిక్కు మాటల వరసలో ఉంది. బావి కాడి మోటరు బంద్ చెయ్యాలి అనుకుందాం. ‘టర్న్ ఆఫ్ ది మోటర్’ అనొచ్చు, ‘టర్న్ ది మోటర్ ఆఫ్’ అనొచ్చు, రెండూ ఒప్పే. కానీ మోటరు పేరు తీసేసి ‘అది’ అనాల్సి వస్తే ఒకటే దారి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ అన్నామంటే తప్పే. ‘ఇట్’, ‘దెమ్’, ‘హిమ్’, ‘హర్’, ‘మి’, ‘అస్’ లాంటి చిన్న మాటలు ఈ రకం జంటల్లో నడుమనే కూర్చుంటాయి. గుడి మెట్ల దగ్గర చెప్పులు విడవమని చెప్పాలంటే ‘టేక్ దెమ్ ఆఫ్’, తిరిగొచ్చి తొడుక్కోమనడానికి ‘పుట్ దెమ్ ఆన్’. పేరు మరీ పొడుగైతే దీనికి ఎదురు పద్ధతి: ‘టర్న్ ఆఫ్ ది మోటర్ బిహైండ్ ది కౌషెడ్’ అని జంటను కలిపే ఉంచాలి. నడుమ అంత బరువు పెడితే ‘ఆఫ్’ వచ్చేసరికి వినేవాళ్లు ‘టర్న్’ను మరిచిపోతారు.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. మనం ‘ఫ్యాన్ ఆఫ్ చెయ్’ అంటాం కదా, అందులో పని చేసేది ‘చెయ్’. దాన్ని వదిలేసి ‘ఆఫ్ ది ఫ్యాన్’ అంటే వాక్యంలో క్రియే లేకుండా పోతుంది. ‘టర్న్’ గాని ‘స్విచ్’ గాని తప్పకుండా ఉండాలి.

కొన్ని జంటలు ఇట్లా విడిపోవు. ‘మై సిస్టర్ లుక్స్ ఆఫ్టర్ అవర్ మదర్’ అన్నప్పుడు అమ్మ పేరు పెట్టినా, ‘హర్’ అన్నా చివరికే పోవాలి: ‘లుక్స్ ఆఫ్టర్ హర్’. ఏది విడిపోతుందో, ఏది విడిపోదో పైకి చూసి చెప్పడం కష్టం. నిఘంటువు తెరిస్తే అర నిమిషంలో తేలుతుంది. ‘సమ్‌థింగ్’, ‘సమ్‌బడీ’ అనే మాట జంట నడుమ అచ్చయి ఉంటే విడిపోయేది, జంట తర్వాతే ఉంటే విడిపోనిది. కొన్ని నిఘంటువుల్లో విడిపోయే వాటికి రెండు వైపులా మొనలున్న బాణం గుర్తు కూడా వేస్తారు.

మూడు ముక్కలవి కొన్ని ఉన్నాయి, అవి ఎక్కువగా విడిపోవు. ఇంట్లో గ్యాస్ ఒడిస్తే, అంటే అయిపోతే, ‘వి హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ గ్యాస్’. వాక్యాన్ని గ్యాస్‌తోనే మొదలుపెడితే మూడో ముక్క రాలిపోతుంది: ‘ది గ్యాస్ హ్యాజ్ రన్ అవుట్’. ఇంటర్వ్యూ మెయిళ్లలో పదేపదే కనిపించే తప్పు ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు’. సరైనది ‘టు మీటింగ్ యు’. అనుమానం వస్తే ‘టు’ తర్వాత ‘ది బతుకమ్మ హాలిడేస్’ లాంటి పేరు పెట్టి చూడండి. అది అతికితే అక్కడ క్రియకు ‘ఇంగ్’ తగిలించాలి. ‘కోప్ అప్ విత్’ అని కూడా రాస్తుంటారు. అందులో ‘అప్’ అక్కర్లేదు, ‘కోప్ విత్’ చాలు.

కాలం మారితే మొదటి మాటే మారుతుంది, రెండోది కదలదు. ‘ది బస్ బ్రోక్ డౌన్ నియర్ మడికొండ’ అనాలి, ‘వాజ్ బ్రోక్ డౌన్’ కాదు. ‘డిడ్ నాట్’ వచ్చిందంటే మొదటి మాట తిరిగి మామూలు రూపానికి వస్తుంది: ‘ఐ డిడ్ నాట్ గెట్ ఆఫ్’. ‘గ్రో అప్’, ‘బ్రింగ్ అప్’ రెంటినీ కలపొద్దు. పెరిగింది నేనైతే ‘ఐ గ్రూ అప్ ఇన్ వరంగల్’, పెంచింది అమ్మమ్మ అయితే ‘మై గ్రాండ్‌మదర్ బ్రాట్ మి అప్’.

అర్థంలో జాగ్రత్త పడాల్సిన జంట ఒకటుంది. మూఢం వచ్చి పెళ్లి వెనక్కి జరిపితే ‘ది వెడ్డింగ్ వాజ్ పుట్ ఆఫ్’, అంటే వాయిదా పడింది. ‘కాల్డ్ ఆఫ్’ అని మెసేజ్ పెడితే పెళ్లే రద్దయిందని దాని అర్థం. చుట్టాలకు పంపే ముందు రెండుసార్లు చూసుకోవాలి.

నేర్చుకోవడానికి వారానికి ఐదు జంటలు చాలు. ఒక్కో జంటకు మూడు వాక్యాలు రాయండి: పేరుతో ఒకటి, ‘ఇట్’ లేదా ‘హర్’ పెట్టి ఒకటి, జరిగిపోయిన కాలంలో ఒకటి. రెండో వాక్యం దగ్గరే తప్పు బయటపడుతుంది కాబట్టి దాన్ని ఎగ్గొట్టకండి. రాసినవి గట్టిగా చదవాలి. ‘టర్న్ ఇట్ ఆఫ్’ను మూడు ముక్కలుగా పలకరు, ‘టర్నిటాఫ్’ అని కలిపి, ఒత్తు ‘ఆఫ్’ మీద వేస్తారు. ‘పిక్ ఇట్ అప్’ కూడా అట్లాగే ‘పికిటప్’ అవుతుంది. ఈ కలయిక చెవికి అలవాటు కాకపోతే ఫోన్‌లో అవతలివాళ్లు ఏమన్నారో అందదు.

రాతలో ఇంకొకటి. ‘లాగిన్’ కలిపి రాస్తే అది పేరు (నామవాచకం), పని చెప్పాలంటే ‘లాగ్ ఇన్’ అని విడిగా రాయాలి. అందుకే నిన్న చేశానని చెప్పడానికి ‘లాగిన్డ్’ అనే మాట లేదు, ‘ఐ లాగ్డ్ ఇన్ యెస్టర్‌డే’ అనే రాయాలి.