కంట్లో పడినదాని కన్నా పోసిందే చేటు: కత్తిరికి ముందు కొన్ని జాగ్రత్తలు

ఏప్రిల్ దాటుతోందంటే మన తిరుపతి, చిత్తూరు పక్క కత్తిరి మాటలు మొదలవుతాయి. అరవదేశం పక్కనే కాబట్టి, ఎండలు మండిపోయే రోజులకు వాళ్లు పెట్టుకున్న ఆ పేరు మనకూ అంటుకుంది. మే మొదటి వారం నుంచి నెలాఖరు దాకా కత్తిరి, అది పోయీపోకముందే మే 25న రోహిణి కార్తె. ఆలోపే కొత్త కుండ కొంటాం, కూలర్‌లో గడ్డి మారుస్తాం. కంటి సంగతి మాత్రం అది ఎర్రబడ్డాకే గుర్తొస్తుంది.

ఎండ కంటికి మంచిది కాదు, నిజమే. కానీ నేను చూసినంతలో మన ఊళ్లలో ఎండాకాలం కన్ను పాడయ్యేది కంట్లో ఏదో పడి, ఆ తర్వాత మనం ఇంకేదో పోయడం వల్ల. ముందు ఆ సంగతే చెప్తాను, నల్లద్దాల సంగతి తర్వాత.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం, మామవాళ్ల మామిడి తోపులో బేనీషా కాయలు కోస్తున్నారు. కొమ్మ కిందకే ఉంది కదా అని తల పైకెత్తి చేత్తోనే ఒక కాయ తుంచాను. తొడిమ దగ్గర సొన బిగపట్టి ఉంటుంది, విరగ్గానే చిమ్ముతుంది. సరిగ్గా ఎడమ కంట్లో పడింది. కన్ను తెరవలేను, మూయలేను. అవ్వ ఆముదం సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, "రవ్వంత ఏస్తే సల్లగా ఉంటాది రా" అంటూ. మామ "గమ్మునుండు మా" అని, నన్ను కూలబెట్టి, తల ఎడమ పక్కకి వంచాడు. కరెంటు లేదు, మోటరు ఆడదు. కూలీలు తాగడానికి తెచ్చిన బిందె నీళ్లే చెంబుతో ముంచి పోశాడు. ఒక చేత్తో నా రెప్పలు విడదీసి పట్టుకుని, బిందె అడుగు కనబడేదాకా ఆపలేదు. ఆ పూట కూలీలు మామను తిట్టుకునే ఉంటారు. రెప్ప మీద తోలు నాలుగు రోజులు నల్లగా కమిలి ఊడింది. కన్ను దక్కింది.

మామ చేసిందే సరైన పద్ధతి అని తర్వాత కంటి డాక్టరు చెప్పారు. సొన పడినా, పురుగుమందు చిందినా, బ్యాటరీ నీళ్లు పడినా మొదటి మందు నీళ్లే. దెబ్బ తగిలిన కన్ను కిందికి ఉండేలా తల వంచాలి, అప్పుడు ఆ నీళ్లు రెండో కంట్లోకి పోవు. ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ధార పోయాలి. గడియారం చూసుకుని 15, 20 నిమిషాలు. ఆ మంటలో రెండు నిమిషాలే అరగంటలా ఉంటుంది, అందుకే గడియారం చూడమనేది. ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరాలి. ఏది పడిందో ఆ సీసానో ప్యాకెట్టో వెంట తీసుకెళ్తే డాక్టరుకు పని సులువవుతుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది సున్నానికి. ఆమ్లం పడితే కంటి పైపొర కాలుతుంది. సున్నం క్షారం, అది పైన ఆగకుండా లోలోపలికి తినుకుంటూ పోతుంది. తాంబూలంలోకి కొనే చిన్న సున్నం ప్యాకెట్లు పిల్లల చేతికి అందనివ్వకండి. గట్టిగా నొక్కితే పగిలి నేరుగా మొహానికే చిమ్ముతుంది. ఎండాకాలం పెళ్లిళ్ల ఇళ్లలో తాంబూలం పళ్లెం ఎక్కడంటే అక్కడ పెట్టేస్తుంటారు, పిల్లలు అక్కడే ఆడుకుంటుంటారు. పడితే మాత్రం నీళ్లు పోస్తూనే రెప్పల కింద ఇరుక్కున్న తునకలు కూడా కడుక్కుపోయేలా చూడాలి.

మే నెలలోనే తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర, మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లనామం, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. మొక్కు మొక్కే, కాదనను. పిల్లలకు వేషం కట్టేటప్పుడు మాత్రం రెప్పల చుట్టూ వేలెడు మేర వదిలేయండి. చెమట పట్టాక ఆ రంగంతా కంట్లోకే దిగుతుంది. అంగట్లో కుంకుమ పేరుతో అమ్మేది పసుపుతో చేసిందో, రసాయన రంగో మనకు తెలియదు. చంకలో ఒక నీళ్ల సీసా, మెత్తటి పంచె ముక్క పెట్టుకోండి. కొండ మీద గుండు చేయించుకుని గంధం పూసుకున్నా ఇదే కథ. మధ్యాహ్నం క్యూలో గంధం కరిగి నుదుటి మీదుగా కారుతుంటే చేత్తో కంటిని నలుపుతారు. నలపొద్దు, ఒత్తి తుడుచుకోండి.

పొలం పనుల్లో చెరకు ఆకు గీసుకున్నా, వరిగడ్డి పోచ గుచ్చుకున్నా చిన్నదే కదా అని వదిలేయకూడదు. ఆకు, గడ్డి వల్ల అయిన గాయంలో బూజు చేరి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, తెల్లమచ్చలా కనబడుతుంది. అలాంటప్పుడు మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేసుకుంటే ఒకటి రెండు రోజులు ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల బూజు మాత్రం బలుస్తుంది. మునగాకు రసం, తేనె, చనుబాలు కూడా కంట్లో పోయొద్దంటాను. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటారా, పెట్టుకోండి. రసం పిండి పోయకండి.

ఇక నల్లద్దాలు. బస్టాండు దగ్గర తట్టలో అమ్మే అద్దాలు నల్లగా ఉంటాయి, అతినీలలోహిత కిరణాలను ఆపుతాయన్న హామీ మాత్రం లేదు. ఆపకపోతే వట్టి కళ్లకన్నా అధ్వానం. చీకటికి కనుపాప విచ్చుకుని, కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. 'యూవీ 400' అని ఉన్నదే అడగండి, అంటే 400 నానోమీటర్ల దాకా కిరణాలను ఆపేది. చాలా కళ్లద్దాల షాపుల్లో చిన్న మీటరు ఉంటుంది, పెట్టి చూపించమంటే చూపిస్తారు. పోలరైజ్డ్ అంటే మెరుపు తగ్గుతుంది, అంతే, అది వేరే గుణం. ఏళ్ల తరబడి ఎండలో తిరిగేవాళ్లకు శుక్లం, కంట్లో కండ పెరగడం త్వరగా వస్తాయి. పది నుంచి నాలుగు దాకా బయట పని ఉన్నవాళ్లకు టోపీ, అద్దాలు రెండూ కావాలి. తిరుమల మాడవీధుల్లో కాళ్లు కాలకుండా తెల్ల కూల్ పెయింట్ వేసిన చోట వెలుగు కింద నుంచి కూడా కొడుతుంది, దానికి టోపీ ఏం చేస్తుంది?

బండి మీద వెళ్లేవాళ్లకు నల్లద్దాల కన్నా హెల్మెట్ ముందద్దం మేలు. కరకంబాడి రోడ్డులో టిప్పర్ వెనకాల ఒక్కసారి పోతే ఎందుకో తెలుస్తుంది. దుమ్ము ఆగుతుంది, వడగాలికి కన్నీరు ఎండిపోదు, సాయంత్రం పురుగులూ కొట్టవు. గీతలు పడ్డ అద్దం మాత్రం మార్చేయండి, రాత్రి ఎదుటి లైట్లకు దారి కనపడదు. ఇంట్లో కూలర్ గాలి నేరుగా మొహానికి పెట్టుకుని పడుకునేవాళ్లకు తెల్లారేసరికి కండ్లు ఇసుక పోసినట్టు ఉంటాయి. దాన్ని కాస్త పక్కకి తిప్పితే చాలు.

పిల్లలు ఎండాకాలమంతా కళ్లు నలుపుతూ, దారంలా సాగే పుసి వస్తోందంటే అది అలర్జీ కావచ్చు. చల్లటి నీళ్ల గుడ్డ వేయండి, డాక్టరుకు చూపించండి. పోయినేడు రాసిచ్చిన చుక్కలే మళ్లీ కొనేయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉండి నెలల తరబడి వాడితే ఆ వయసులోనే నీటికాసులు (గ్లకోమా), శుక్లం రావచ్చు. కండ్లకలక వచ్చినవాళ్లను చూస్తే అంటుకోదు, వాళ్ల తువ్వాలు వాడితే అంటుకుంటుంది. ఇక ఎండాకాలం శుక్లం ఆపరేషన్ వద్దని పెద్దవాళ్లు వాయిదా వేస్తుంటారు. ఇప్పటి ఆపరేషన్లకు కాలంతో పని లేదు.

నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ: వీటిలో ఏది కనబడినా ఆ రోజే వెళ్లాలి. తిరుపతిలో రుయా ఉంది, అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. ఈలోపు ఒకసారి ఇంట్లో మందుల డబ్బా తెరవండి. మూత తీసి నెల దాటిన కంటి చుక్కల సీసా ఒకటైనా ఉంటుంది, పారేయండి. కొత్తదాని మూత తీసిన రోజున దాని మీద పెన్నుతో తేదీ రాయండి. బండి డిక్కీలో మాత్రం పెట్టకండి, మే నెల మధ్యాహ్నం ఆ డిక్కీ పొయ్యితో సమానం.