ఇంగ్లిష్ ‘ట’కి బస్సు టికెట్టు చిట్కా
విశాఖ ద్వారకానగర్‌లో ఇంగ్లిష్ కోచింగ్‌కి వెళ్లే పిల్లలు ‘టైమ్’, ‘టీ’ లాంటి మాటల దగ్గర టెన్షన్ పడుతుంటారు. మన ‘ట’కి నాలుక కొన వెనక్కి మడతపడి అంగిలికి తగులుతుంది, ‘త’కి పై పళ్లను తాకుతుంది. ఇంగ్లిష్ శబ్దం ఈ రెండింటి మధ్య, పళ్ల వెనకున్న గట్టు మీద పుడుతుంది. నాలుకతో తడిమి చూడండి, ఆ గట్టు దొరుకుతుంది.

ఇప్పుడు పెదాల ముందు బస్సు టికెట్టు పట్టుకుని ‘టైమ్’ అనండి. టికెట్టు ఊగాలి. మనం పలికే మామూలు ‘ట’కి అంత ఊపిరి రాదు, ఇంకో తేడా అదే. ‘స్టాప్’లోని ‘ట’కి మాత్రం ఆ ఊపిరి వద్దు.

స్పానిష్ నేర్చుకునేవాళ్లకి ఈ శబ్దం దగ్గర మన ‘త’ చాలు. అమెరికావాళ్ల ఇంగ్లిష్ ‘వాటర్’లో ‘ట’ ఇంచుమించు మన ‘ర’లా వినిపిస్తుంది, కంగారు పడకండి.

టికెట్టు చిట్కా ఫ్యాను ఆపి చేయండి. బీచ్ రోడ్డు గాలిలో అయితే తేడా తెలియదు.